గేటు కాడ గాలి

తెల్లారకముందే ఒడ్డున నలుగురితో కలిసి వల లాగి, ఆరున్నరకల్లా బండికి రెండు పక్కలా చేపల డబ్బాలు కట్టి, కొండబాబు కిక్ కొట్టేవాడు. మూడో కిక్‌కి స్టార్టయితే బండి కులాసాగా ఉన్నట్టు, అయిదో కిక్ దాకా పోతే అలిగినట్టు. ముప్పై ఏళ్ల నాటి బండి అది. మందసలో రిటైరైన ఒక డ్రిల్లు మాస్టారి దగ్గర కొన్నాడు. అమ్మేటప్పుడు ఆయన కూతుర్ని అత్తారింటికి సాగనంపుతున్నట్టు కళ్లు తుడుచుకున్నాడని కొండబాబు చెబుతాడు. ఎంతవరకు నిజమో ఆ మాస్టారికే తెలియాలి.

వెనక అతని పెళ్లాం చిన్నతల్లి ఎక్కేది. సముద్రం ఒడ్డునున్న వాళ్ల ఊరి నుంచి కొబ్బరితోటలూ జీడితోటలూ దాటుకుంటూ పలాస వెళ్లడం, కాశీబుగ్గ మార్కెట్లో చేపలు అమ్ముకుని మధ్యాహ్నానికి ఇల్లు చేరడం ఇద్దరి దినచర్య. తోటల మధ్య దారి హాయిగా సాగిపోయేది. చిక్కంతా రైల్వే గేటు దగ్గరే. గేటు పడిందంటే జీడిపిక్కల లారీలు, ఆటోలు, స్కూలు బస్సులు, కొబ్బరికాయల ట్రాక్టర్లు అన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు నిలబడేవి. గేటు లేచాక ఇటువాళ్లు అటు, అటువాళ్లు ఇటు ఒకేసారి దూరేవారు. ఆ తర్వాత బండ్లు నత్తలకి పాఠాలు చెప్పేవి.

పాత బండికి అసలు పరీక్ష అలాంటి చోటే. దాని ఇంజినుని చల్లబరిచేందుకు నీళ్లుండవు, గాలే దిక్కు. ఇంజిను చుట్టూ పలచటి రెక్కలుంటాయి. వాటిని కొండబాబు మొప్పలు అంటాడు. బండి పరిగెడితే మొప్పలకి గాలి ఆడుతుంది. నిలబడితే ఆడదు, ఇంజిను ఒడ్డున పడ్డ చేపలా కొట్టుకుంటుంది. ఎండాకాలం ఆ గేటు దగ్గర రోజుకి ఒకటో రెండో పాత బండ్లు ఉడికిపోయి ఆగిపోవడం మామూలే.

కొండబాబు బండి మాత్రం ఒక్కనాడూ ఆగలేదు. అది తన గొప్పే అని అతని నమ్మకం. అందుకే గేటు పడగానే పక్క బండివాళ్లకి పాఠం మొదలుపెట్టేవాడు.

"గేటు పడినాక కూడా ఇంజిను ఎవులికోసం బాబూ? ఆపీ. సగం క్లచ్చి పట్టుకుని పాక్కుంటా ఎల్తే ఆ ఏడి అంతా ఇంజినుకే ఎక్కుతాది. ముందు గార్డుకి సంచులు తగిలించినావు సూడు, మరి మొప్పలకి గాలెలగ తగుల్తాది? నానైతే మొప్పల్లో బురద పళ్లు తోముకునే బ్రష్షుతో వారానికోపాలి తోముతాను. కాలిపోతన్నాది కదాని నీలు మాత్రం పొయ్యకు. సిలిండరు పగిలిపోతాది."

పాఠంలో తప్పేమీ లేదు. విన్నవాళ్లు బుద్ధిగా తలూపి, వెనక సీటు వైపు ఓసారి చూసి నవ్వుకునేవారు. చిన్నతల్లి దగ్గర గాలి ఉంటుందని ఆ తోటల సీమ ఉద్దానంలో తెలియనిదెవరికి?

ఆమె ఎక్కడ కూచుంటే అక్కడ చల్లటి సముద్రపు గాలి వీచేది. పైట ఎప్పుడూ ఎగురుతూనే ఉండేది. ఆమె చేతిలో అగ్గిపుల్ల నిలవదు కాబట్టి ఇంట్లో పొయ్యి అంటించే పని కొండబాబుది. నూర్పిళ్ల రోజుల్లో గాలి వీచకపోతే రైతులు ఆటో పంపి పిలిపించుకునేవారు. కళ్లంలో ఓ పక్కన కూచుని ఆమె తన పాటికి తాను కబుర్లు చెబుతుంటే పొట్టు అటూ గింజ ఇటూ పడిపోయేవి. ఆధార్ ఫోటో తీసిన కుర్రాడు మాత్రం కాస్త విసుక్కున్నాడు. "అప్పా" అని అక్క వరస కలిపి, "కొంచెం గాలి ఆపుకో" అన్నాడు. అది తన చేతిలో లేదని ఆమె చెబితే, ఆరో ఫోటోతో సరిపెట్టుకున్నాడు.

గేటు దగ్గర బండి నిలబడినా మొప్పలకి గాలి ఆడేది అందుకే. ఆ సంగతి కొండబాబుకి తెలియదనడానికి లేదు. కాకపోతే తెలిసినట్టు ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఉగాది వెళ్లిన వారానికి ఒక పొద్దున్న గేటు లేచాక ఎప్పటిలాగే అడుగు అడుగునా ఆగుతూ వెళుతున్నారు. కొండబాబు మోకాలికి సెగ తగిలింది. పక్క బండిదేమో అనుకున్నాడు. కాలిన నూనె వాసన వచ్చింది. అదీ పక్క బండిదే అనుకున్నాడు. ఇంతలో తన ఇంజినే రెండుసార్లు దగ్గినట్టు కొట్టుకుని ఆగిపోయింది. కిక్ రాడ్డు మీద నిలబడ్డా దిగలేదు.

వెనక్కి తిరిగి చూశాడు. చిన్నతల్లి పైట భుజం మీద చప్పగా పడి ఉంది. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆ పైట కదలకుండా ఉండటం అతనెప్పుడూ చూడలేదు. నడినెత్తిన పిడుగు పడినట్టయింది.

చిన్నతల్లి అమ్మమ్మ నీలమ్మకీ ఇలాంటి గాలే ఉండేది. ఒకరోజు ఆ గాలి ఆగిపోయింది, పదకొండో రోజుకి నీలమ్మ పోయింది. ఆ ఇంట్లో అందరూ చెప్పుకునే మాట అది. పైగా ఇది ఉద్దానం. ఇక్కడ ఏ ఇంట్లోనైనా కాలు వాస్తే, ఆకలి మందగిస్తే, ముందుగా గుర్తొచ్చేది కిడ్నీయే. కొండబాబు అన్న పైడయ్య చేపల వేటకని గుజరాత్ వెళ్లి, అక్కడే కాళ్లు వాచి, ఇంటికొచ్చిన నాలుగు నెలలకే కన్నుమూశాడు. తెలిసేసరికే అంతా అయిపోయిందని డాక్టర్లు అన్నారు. ఈ రెండు సంగతులూ గేటు మధ్యలో కొండబాబు బుర్రలో ఒకేసారి కలిశాయి.

"ఆయిలు పాడైపోనట్టున్నాది" అన్నాడు.

"అంతే అయ్యుంటాది" అంది చిన్నతల్లి, పైట కొంగు తీసి నడుంలో దోపుకుంటూ. దోపుకుంటే, అది ఎగరడం లేదన్న సంగతి పైకి కనపడదు.

బండిని తోసుకుంటూ గేటు అవతల మెకానిక్ గోవిందరావు షెడ్డుకి తీసుకెళ్లారు. గోవిందరావు పాతికేళ్లుగా పాత బండ్లే చూస్తున్నాడు, వరసకి కొండబాబుని బావా అంటాడు. ఇంజిను చల్లారే దాకా ఆగి, ఆయిలు మార్చాడు. మర్నాడు గేటు దగ్గర మళ్లీ ఆగింది. ప్లగ్గు మార్చాడు. మళ్లీ ఆగింది. కార్బురేటర్ విప్పి, పెట్రోలు తక్కువ వెళుతోందని కాస్త పెంచాడు. తోటల దారిలో బండి పక్షిలా పోయింది, గేటు దగ్గర మాత్రం మళ్లీ ఉడికిపోయింది. ఓసారి కొండబాబు ఓర్చుకోలేక తడి గోనెపట్టా ఇంజిను మీద కప్పబోతే గోవిందరావు చెయ్యి పట్టుకుని లాగేశాడు.

కొండబాబు మొప్పలు తోమడం వారానికోసారి కాదు, రోజుకి రెండుసార్లయింది. తోమి తోమి వేళ్ల చర్మం లేచిపోయింది. జబ్బు ఇంజినుదే కావాలి. ఇంజినుదైతే ఎంత పెద్దదైనా బాగుచెయ్యొచ్చు. చిన్నతల్లిదైతే ఏం చెయ్యాలో అతనికి తెలియదు. ఆమె లేకుండా ఇంట్లో పొయ్యి ఎవరి కోసం అంటించాలో కూడా తెలియదు.

ఆ రోజుల్లోనే అతనికి నడుం దగ్గర చలి పట్టుకుంది. భయానికి ఒళ్లు చల్లబడుతోందనుకుని చొక్కా మీద తువ్వాలు బిగించి చుట్టుకున్నాడు. నడుం నొప్పి అతనికి కొత్తేమీ కాదు. వల లాగేవాళ్లందరికీ ఉండేదే. అందరూ టీతో పాటు కొట్లో దొరికే నొప్పి మాత్ర ఒకటి మింగి వల తాడు పట్టుకునేవారు. కొండబాబు నాలుగేళ్లుగా పొద్దున్నొకటి, సాయంత్రమొకటి మింగుతున్నాడు. ఇప్పుడు మధ్యాహ్నం కూడా ఒకటి వేసుకోవడం మొదలుపెట్టాడు.

గాలి ఆగిన పదకొండో రోజున అతను వలకీ వెళ్లలేదు, మార్కెట్‌కీ వెళ్లలేదు. వాకిట్లో కూచుని పెళ్లాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఆమె చేపలకి ఉప్పు పట్టించింది, తల దువ్వుకుంది, పక్కింటావిడతో కుళాయి దగ్గర దెబ్బలాడింది.

"ఏటి మావా, నన్నలగ సూత్తన్నావు?"

"ఏటీ నేదు."

"ఈ రోజు పదకొండని నాకూ తెలుసు" అంది చిన్నతల్లి. అని కంచం ముందుకి జరిపి, "అన్నం తినీ" అంది. కొండబాబుకి ఏడుపొచ్చింది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

పన్నెండో రోజు తెల్లారింది. ఆమె నిక్షేపంగా లేచి ముగ్గేసింది. ప్రాణం కుదుటపడ్డా, గాలి మాత్రం తిరిగి రాలేదు. కొండబాబు ఒక్కడే బండి తీసుకుని గోవిందరావు దగ్గరికి పోయాడు. గోవిందరావు బండిని ముట్టుకోలేదు.

"బావా, ఒక మాట సెప్తాను, కోపం తెచ్చుకోకు. బండిలో ఏటీ నేదు. గంటసేపు గేటు కాడ నిలబడితే ఏ పాత బండైనా ఇలగే ఉడుకుతాది. ఇన్నాల్లూ నీది మామూలు బండి కాదు. ఇప్పుడు మామూలు బండి అయిపోనాది, అంతే. అప్పని ఓపాలి ఆసుపత్రిలో సూపించు."

"ఆడలేక మద్దెల ఓడన్నాడట ఎనకటికెవడో" అన్నాడు కొండబాబు. "పని సేతకాక నా పెల్లాం మీద ఏడతావేటి?"

గోవిందరావు స్పానర్లు సర్దుకున్నాడు. కొండబాబు కాసేపు అక్కడే నిలబడి, బండి తిప్పుకుని నేరుగా ఇంటికెళ్లి చిన్నతల్లిని తీసుకొచ్చాడు.

పలాస ఆసుపత్రిలో నెత్తురు తీసే గదిలో కళ్యాణి అనే నర్సు ఉంది. ఉద్దానం పిల్లే. చిన్నతల్లి చేతికి రబ్బరు పట్టీ కట్టి సూది గుచ్చింది. పక్కన నిలబడి చూడలేక కొండబాబు గోడవైపు తిరిగాడు. తిరగగానే కళ్యాణి బల్ల మీద కాగితాలన్నీ లేచి గదంతా ఎగిరాయి.

"ఎవరండీ ఫ్యాను వేసింది?" అంది కళ్యాణి. పైకి చూసింది. కరెంటు లేదు, ఫ్యాను ఆగే ఉంది. కాగితాలు ఏరుకుని బల్ల మీద పెట్టింది. అవి మళ్లీ లేచాయి. ఆమె కొండబాబు వీపు వైపు చూసింది. తువ్వాలు జారిపోయి, చొక్కా నడుం దగ్గర బుడగలా ఉబ్బి, కొసలు టపటప కొట్టుకుంటున్నాయి.

"ఈ గాలి ఎవులిది?"

"నా పెల్లాందే. ఆగిపోయి పన్నెండు రోజులైనాది" అన్నాడు కొండబాబు గోడకేసి చూస్తూనే.

"ఆగిపోతే మీ నడుం కాడ కొడతన్నదేటి మరి?"

కళ్యాణి లేచి వచ్చి అతని వీపు దగ్గర అరచెయ్యి పెట్టింది. రెండు పక్కలా, సరిగ్గా పక్కటెముకల కింద, చల్లటి గాలి చక్రంలా తిరుగుతోంది. చొక్కా పైనుంచే చెయ్యి జిల్లుమంది.

"కూకోండి. మీకూ నెత్తురు తీత్తాను."

చిన్నతల్లి ముఖం పాలిపోయింది. ఆమెకి చిన్ననాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది. "మావా, అమ్మమ్మ గాలి ఆగిపోయిన రోజు నాకు జొరం. తొమ్మిదేల్ల గుంటని. బతకదని సాప మీద పడుకోబెట్టీసినారు. ఆ రోజే నాకాడ గాలి మొదలైనాది. అమ్మమ్మది ఆగిపోనాదని అందరూ ఏడిసినారు గానీ, ఎటెల్లినాదో ఎవులూ సూడనేదు."

కొండబాబు పుట్టింది సముద్రం ఒడ్డున, బతుకంతా గాలి చూసుకుని బతికినవాడు. గాలి పడిపోతే అది ఏ దిక్కుకి మళ్లిందో చూడటం వేటగాడి మొదటి పని. పన్నెండు రోజులూ పడిపోయిందనే ఏడ్చాడు తప్ప దిక్కు చూడలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిన చందం అయింది.

మధ్యాహ్నానికి కాగితాలు వచ్చాయి. డాక్టరమ్మ ముందు చిన్నతల్లిది చూసింది. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినైన్ సున్నా పాయింట్ ఎనిమిది. ఏ దోషమూ లేదు. కొండబాబు రెండు చేతులూ జోడించి, పన్నెండు రోజుల తర్వాత మొదటిసారి పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. డాక్టరమ్మ రెండో కాగితం తీసింది. అతనిది రెండు పాయింట్ ఒకటి. నవ్వు తీసెయ్యడం మరిచిపోయినట్టు అతని ముఖం మీద అలాగే ఉండిపోయింది.

"ఏం మందులు వాడుతున్నారు?"

"మందులేటీ నేవమ్మా. నొప్పి మాత్రలే."

"ఎన్నాళ్లుగా?"

అతను చెప్పాడు. డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది. "ఇక్కడికి అందరూ ఆరో ఏడో అయ్యాక వస్తారు. అప్పుడు నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు. మీరు మొదట్లోనే దొరికారు. కిడ్నీని తినేసే ఆ మాత్ర ఇవాళ్టి నుంచి మీ నోట్లోకి పోకూడదు. బీపీకి మందు రాస్తాను. ఉప్పు తగ్గించండి, ఎండుచేప మానెయ్యండి."

ఎండుచేప మానమంటే సముద్రపు ఒడ్డు పల్లెవాడికి ఊపిరి మానమన్నంత పని. కొండబాబు అదేమీ వినలేదు. పైడయ్యకి తెలిసేసరికి ఆ అంకె ఎనిమిది. అన్న వేటలో ఎంతో దూరాన ఉన్నాడు, చిన్నతల్లి గాలి అంత దూరం పోలేదు. బెంచీ మీద కూచుని తన నడుం తనే తడుముకున్నాడు. అక్కడ గాలి వీస్తూనే ఉంది.

ఆ రోజు నుంచి గేటు దగ్గర వాళ్ల బండి అందరి బండ్లలాగే వేడెక్కేది. గేటు పడితే ఆపేవారు, లేచాక గుంపు సర్దుకునే దాకా స్టార్ట్ చేసేవారు కాదు. కొండబాబు హ్యాండిల్ పట్టుకుని నడిచేవాడు, చిన్నతల్లి వెనక నుంచి తోసేది. ఊరందరికీ పాఠాలు చెప్పినవాడు తన బండి తనే తోసుకుంటున్నాడని జనం ఆటపట్టించారు. అతని చొక్కా వెనక ఉబ్బడం చూశాక ఆ ఆటలు మానేశారు. మూడు నెలలకి అంకె ఒకటి పాయింట్ ఏడయింది. ఆరు నెలలకి ఒకటి పాయింట్ నాలుగు దగ్గర నిలబడింది. డాక్టరమ్మ ఇక మూడు నెలలకోసారి వస్తే చాలంది.

కార్తీకం వెళ్లాక ఒక పొద్దున్న గేటు పడి ఉంది. సందు దొరికినంత వరకు బండిని తోస్తున్న చిన్నతల్లి చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"మావా. నీ సొక్కా."

కొండబాబు వెనక్కి చెయ్యి పెట్టి చూసుకున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుని ఉంది. గాలి లేదు. జబ్బు తగ్గింది కనక పోయిందా, ఇక లాభం లేదని పోయిందా?

చిన్నతల్లి ఈసారి అతని వీపు కేసి చూడలేదు. దిక్కు చూసింది. చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

రెండు బండ్ల ముందు ఒక కుర్రాడున్నాడు. పాతికేళ్లుంటాయి. పాత బండే. ముందు గార్డుకి రెండు పక్కలా కొబ్బరికాయల బస్తాలు. ఇంజిను ఆపకుండా సగం క్లచ్చి మీద జానెడు జానెడు పాకుతున్నాడు. అతని చొక్కా నడుం దగ్గర పొంగి, టపటప కొట్టుకుంటోంది.

కొండబాబు గుండె ఒక్కసారి తేలికైంది. ఆపద తన మీదికి కాదు, వేరేవాడి మీదికి. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికే సిగ్గేసింది. బండి స్టాండు వేసి ముందుకి నడిచాడు.

కుర్రాడు అతన్ని చూసి నవ్వాడు. "మొప్పల మావా, నువ్వేటి సెప్తావో నాకు తెల్సు. ఇంజిను ఆపాల, బస్తాలు తియ్యాల. ఇదిగో ఆపీసినాను. సాలా?"

ఏళ్ల తరబడి గేటు దగ్గర నోరు మూత పడని కొండబాబు ఈసారి పాఠం ఎత్తుకోలేదు. కుర్రాడి వీపు మీద చెయ్యి వేశాడు. వేళ్ల సందుల్లోంచి గాలి చల్లగా తిరుగుతోంది. ఎనిమిది నెలలుగా తనని కాసిన గాలే.

"నీ పేరేటి బాబూ?"

"యువరాజు."

"పెల్లైనాదా?"

"అయ్యి నెలైనాది. ఎందుకు మావా?"

"గేటు లేసినాక మార్కెట్‌కి ఎల్లకు. ఆసుపత్రికి తిప్పు. మేమూ నీ ఎనకాలే వత్తాం."

యువరాజు నవ్వబోయి ఆగాడు. తల తిప్పి వెనక నిలబడ్డ చిన్నతల్లిని చూశాడు. ఆమె పైట కదలడం లేదు. తన చొక్కా చప్పుడు తనే విన్నాడు. ఉద్దానంలో పుట్టినవాడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"నాకా? నాకేటీ నేదు మావా. నొప్పి కూడా నేదు."

"నాకూ ఏటీ నేదనే అనుకున్నాను."

రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది. వెనక లారీలూ బస్సులూ ఆటోలూ బారులు తీరి ఉన్నా ఎవరూ హారన్ కొట్టలేదు. అందరూ ఆ చొక్కానే చూస్తున్నారు. చిన్నతల్లి ముందుకొచ్చి, గార్డుకి కట్టిన బస్తాల తాళ్లు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టింది.

"బయపడకు నాయినా" అంది తాడు లాగుతూ. "మా ఆయనకాడ అది పన్నెండు రోజులున్నాకే మాకు తెలిసినాది. నీకాడికి ఇప్పుడే వచ్చినాది."